జాంగో రైన్‌హార్టు : ఒక సంచారజాతి వాద్యకారుని చరిత్రము

ఐరోపాఖండమున జిప్సీలని పిలువబడు సంచారజనులలో ఒక శాఖవారు తమ్ము తాము మనూషులని చెప్పుకొందురు. మనుష్యశబ్ద మెఱిగినవానికి ఈ పేరునకు నిఘంటువుతో బనిలేదు. వారు ఒకటి రెండు మూడు అని లెక్కించునపుడు యేక్, దూయ్, త్రిన్ అందురు. నీటిని పానీ యందురు. ముక్కును నాక్ అందురు. సోదరుని ఫ్రాల్ అందురు. ఇది భ్రాతృశబ్దమునుండి పుట్టినది. వీరి భాష హిందూదేశ భాషలకు జ్ఞాతియని 1782లో రూడిగర్ అను జర్మను పండితుడు నిరూపించి ప్రకటించెను. పిమ్మట భాషాశాస్త్రజ్ఞులును, ఇటీవల జన్యుశాస్త్రజ్ఞులును ఆ నిర్ణయమునే బలపఱచిరి. ఇంచుమించు వెయ్యేండ్లకు పూర్వము మన వాయవ్యభాగమునుండి బయలుదేరిన కుటుంబములు పారసీక, ఆర్మీనియా, గ్రీకు దేశములమీదుగ నడచి నడచి పడమటికి జేరినవి. 1427లో వారు పారిసునగర ద్వారముకడ కనిపించిరి.

వెయ్యేండ్లనాడు మన గడప దాటిపోయిన ఈ జనులకు ఐరోపా యిచ్చిన యాతిథ్యమును వర్ణింప బూనుకొన్నచో ఈ పుటలు చాలవు. రుమేనియా సంస్థానములలో వారు పందొమ్మిదవ శతాబ్ది మధ్యమువఱకు క్రయవిక్రయములకు లోనైన బానిసలు. స్వాతంత్ర్య సమత్వ సౌభ్రాత్రములను గోడలమీద చెక్కించుకొన్న ఫ్రాన్సుదేశము 1912 జూలై 16వ తేదీని ఒక శాసనము గావించెను. ఇల్లులేక తిరుగువాడు తన ఛాయాపటమును, వ్రేలిముద్రలును, శరీరపు కొలతలును గల యొక పుస్తకమును సదా వెంట నుంచుకొని, ఏ గ్రామము జొచ్చినను, విడిచినను అధికారులకు చూపవలయును. ఇది విని మనవారు ఆశ్చర్యపడ నక్కఱలేదు. అంతకు ముందటి సంవత్సరమే, అనగా 1911లో, ఆంగ్లప్రభుత్వము క్రిమినల్ ట్రైబ్సు చట్టమును మన చెన్నరాజధానికిని వర్తింపజేసెను. స్టువర్టుపురమున మన యెరుకలవారు పొందిన హాజరుపట్టీల బ్రతుకును, ఫ్రాన్సున మనూషుల పుస్తకముల బ్రతుకును ఒక్క మనస్సునుండి పుట్టినవే. పుట్టుకనే నేరముగా నెంచు ఆ మనస్సునకు దేశభేదము లేదు.

ఇట్టి జాతిలో, ఇట్టి కాలమున, ఒక బండియింటిలో జన్మించి, అక్షరజ్ఞానము లేక, అగ్నిప్రమాదమున ఎడమచేతి రెండు వ్రేళ్ళు చెడి, మిగిలిన వ్రేళ్ళతో ఒక వాద్యముయొక్క చరిత్రనే మార్చిన పురుషుని గూర్చి మేమిపుడు వ్రాయబూనితిమి. ఆతడు జాంగో రైన్‌హార్టు.

1910 జనవరి 23వ తేదీని బెల్జియమునందలి లిబెర్షీ గ్రామము చెంత నిలిచియున్న గుఱ్ఱపుబండిలో ఆతడు పుట్టెను. చర్చి లెక్కలలో పేరు ఝాన్. తమవారు పిలుచుకొన్నది జాంగో. వారి భాషలో ఆ మాటకు మేలుకొనుట యని యర్థము చెప్పుదురు; జాగృ ధాతువు మనకు జ్ఞప్తికి వచ్చుట సహజము. తండ్రి వాద్యకారుడు, తల్లి నర్తకి. తండ్రి కొంతకాలమునకు కుటుంబమును విడిచిపోయెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని ఇటలీ, ఆల్జీరియా దేశములు తిరిగి, తుదకు పారిసు కోటగోడల వెలుపల బీదలును సంచారులును గుడిసెలు వేసికొనియుండు బీటిభూములలో బండి నిలిపెను. పిల్లవానికి పాఠశాల యన్నది లేదు. పండ్రెండేండ్ల ప్రాయమున పొరుగువా డొకడు బాంజోయు గిటారును కలిపి చేసిన వాద్యమొకటి యిచ్చెను. నేర్పినవారు లేరు. పెద్దల వ్రేళ్ళు తంత్రులమీద ఎక్కడ పడుచున్నవో చూచుటయే పాఠము. ఏడాది తిరుగకమునుపే ఆ బాలుడు పారిసు శ్రామికులు రాత్రులందు నాట్యమాడు శాలలలో కూలికి వాయించుచుండెను. ఆ శాలలలో ప్రధానవాద్యము ఎకార్డియను. మన హార్మోనియమును మెడకు దగిలించుకొన్నట్లుండును. దానికి తోడుగా లయ నిలుపుటయే జాంగో పని. 1928లో ఆతని వాద్యము మొదటిసారి గ్రామఫోను పళ్ళెములమీది కెక్కెను. తన పేరెట్లు వ్రాయవలయునో ఆతనికి తెలియదు. కంపెనీవారు తోచినట్లు తప్పుగా అచ్చువేసిరి. దిద్దుటకు ఆతనికి చదువురాదు.

ఆ సంవత్సరముననే ఆంగ్లదేశపు సుప్రసిద్ధ వాద్యబృందాధిపతి జాక్ హిల్టను పారిసునకు వచ్చి, ఈ పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాని వాదనము విని, తన బృందమున కొలువిచ్చెదనని చెప్పెను. బీటిభూములలోని గుడిసెకు అదృష్టము వెదకికొని వచ్చినట్లాయెను. ఆ కొలువులో చేరకమునుపే దుర్ఘటన జరిగెను.

జాంగో భార్య బెల్లా సెల్యులాయిడుతో పూవులు చేసి యమ్మి సంసారమున కింత చేర్చుచుండెడిది. 1928 శరదృతువున ఒకరాత్రి ఆతడు శాలనుండి ఇల్లు చేరుసరికి బండినిండ ఆ కాగితపుబూవులవంటి సరకు పేర్చియుండెను. సెల్యులాయిడు నిప్పు సోకినంతనే మందువలె మండునది. ఒక్క క్రొవ్వొత్తి చాలినది. భార్య స్వల్పగాయములతో బయటపడెను. కంబళి కప్పుకొని మంటలలోనుండి వెలువడిన జాంగోకు శరీరమున సగము కాలెను. కుడికాలు కదలదు. ఎడమచేయి, తంత్రులను నొక్కు చేయి, మాడిపోయినది. వైద్యులు కాలు తీసివేయవలె ననిరి. ఆత డొప్పుకొనలేదు, బంధువు లాతనిని మఱియొక చోటికి జేర్చిరి. ఇంచుమించు ఒకటిన్నర సంవత్సరము మంచమే గతియైనది. కాలు దక్కెను, చేతికఱ్ఱతో నడక వచ్చెను. ఎడమచేతి ఉంగరపు వ్రేలును చిటికెన వ్రేలును మాత్రము నరములు ముడుచుకొని అరచేతివంక వంగిపోయెను. అవి మఱి చాగలేదు.

ఇచ్చట పాఠకులు కొంచెము నిలువవలయును. గిటారునకు ఆఱు తంత్రులు. అది ఏకకాలమున పలుస్వరములను కలిపి మ్రోగించు వాద్యము కావున, ఎడమచేతి నాలుగు వ్రేళ్ళును దానికి కావలసినవే. రెండు పోయినచో ఆ వాద్యము పోయినట్లే యని గిటారు తెలిసిన యెవడైనను చెప్పును. జాంగో తమ్ముడు జోసెఫు ఆస్పత్రిలో అన్న పడకమీద ఒక గిటారు తెచ్చిపెట్టెను. ఆ మంచముమీదనే ఆతడు సమస్తమును మొదటినుండి కల్పించుకొనెను. చూపుడువ్రేలు, నడిమివ్రేలు పాటకు. వంగిన రెండు వ్రేళ్ళను పై రెండు తంత్రులమీద ఊతగా ఆనించి, స్వరముల మేళనమునకు. నాలుగు వ్రేళ్ళు గలవాడు చేతిని ఒకచోట నుంచి తంత్రినుండి తంత్రికి అడ్డముగా పోవును. రెండు వ్రేళ్ళవానికి ఆ సౌకర్యము లేదు. ఆతడు వాద్యపుమెడ పొడుగున పైకిని క్రిందికిని పరుగెత్తవలయును. మన వీణ నెఱిగినవారికి ఈ సంగతి వింతగా తోపదు. మన వైణికులు ఎడమచేతి చూపుడు వ్రేలితోను నడిమి వ్రేలితోను మెట్లమీద సంచరించుచు, ఒక్క తంత్రి పొడుగుననే రాగమును విప్పుదురు. మనకది సంప్రదాయము. జాంగోకు నిప్పు నేర్పినది. ఆతనికి మన వీణ తెలియునని మే మనుటలేదు. తెలిసిన జాడ యేదియు లేదు. అవసరమే ఆతనిని ఆ మార్గమున నడిపెనని మాత్రమే మా తాత్పర్యము. ఆతని వాదనమున వినబడు ఆ దీర్ఘమైన దూకుళ్ళును, మెఱుపువలె క్రిందినుండి పైకి జారు స్వరపంక్తులును, రెండు స్థాయిల నొకే స్వరమును జోడించి మీటు ఆ గంభీరధ్వనియు ఈ లోపమునుండి పుట్టినవే. అంగవైకల్యము వరమను మాటలు మాకు రుచింపవు. కాలిన వాని బాధ కాలినవానికే తెలియును. ఆతడు బాధను జయించెను, అంతే.

బెల్లా యాతని కొక కుమారుని గని, పిమ్మట వేఱయ్యెను. జాంగో నగీనా యని పిలువబడు సోఫీ జీగ్లరుతో దక్షిణదిక్కునకు బోయి మధ్యధరాసముద్రతీరపు పట్టణములలో వీథులయందును కాఫీశాలలయందును వాయించి పొట్టపోసికొనుచుండెను. 1931లో తూలోను పట్టణమున ఎమీల్ సావిత్రి అను చిత్రకారు డాతనిని జూచి, తన గదికి గొనిపోయి, అమెరికానుండి వచ్చిన పళ్ళెములు కొన్ని వినిపించెను. అందు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను నీగ్రో విద్వాంసుని తూర్యనాదము గలదు. జాంగో తల రెండుచేతుల బట్టుకొని కంటనీరు పెట్టెనని చెప్పుదురు.

జాజ్ అను ఆ సంగీతమునుగూర్చి రెండు మాటలు చెప్పవలయును. ఆఫ్రికానుండి గొలుసులతో అమెరికాకు కొనిపోబడిన బానిసల సంతతివారు దానికి కర్తలు. అందొక పల్లవి వంటి పాట యుండును; దానిని ఆధారము చేసికొని వాద్యకారుడు అప్పటికప్పుడు తన కల్పన నడుపును. మనవారు మనోధర్మ మనుదురే, దానికి మిక్కిలి దగ్గఱి వస్తువు. లయ దానికి ప్రాణము. వ్రాసికొన్నది చదువుటకంటె విన్నదానిని పెంచుటయే ప్రధానమైన ఆ కళకు, అక్షరములు రాని జాంగోకంటె తగిన వాడెవడు? బానిసల మనుమల పాట నొక సంచారజాతివాడు వినినతోడనే తనదిగా గుర్తించుటలో మాకు కేవలము సంగీతాభిరుచియేగాక మఱియొక బాంధవ్యముకూడ కనబడుచున్నది. అయిన నొకమాట. ఆతడు నీగ్రోలను అనుకరింపలేదు. ఫిడేలు పడమటినుండి వచ్చినదే. ద్వారము వేంకటస్వామినాయుడుగారి చేతిలో అది మన త్యాగయ్య మాట పలికినది. అట్లే జాంగో చేతిలో జాజ్ మనూషుల విషాదమును, వారి యుల్లాసమును పలుకసాగెను.

పారిసులో కొందఱు విద్యార్థులు ఈ నూతనసంగీతముపై ప్రేమతో హాట్ క్లబ్ అను సంఘమును నెలకొల్పియుండిరి. 1934లో జాంగో షాంజెలిజే వీథిలోని క్లారిజ్ హోటలున సాయంకాలపు తేనీటివిందులకు వాయించు బృందమున కొలువుండెను. అందే స్టెఫాన్ గ్రాపెల్లీ అను ఫిడేలువాద్యకారు డుండెను. ఈతడును దరిద్రముననే పెరిగి, తల్లి చిన్ననాడే పోగా, వీథులలో వాయించి పైకి వచ్చినవాడు. విరామకాలమున ఇరువురును తెరవెనుక కూర్చుండి వేడుకకై వాయింప నారంభించిరి. తమ్ముడు జోసెఫు మఱియొక గిటారుతో చేరెను. రోజే షాపూ మూడవ గిటారు. లూయీ వోలా పెద్దఫిడేలు. అట్లు హాట్ క్లబ్ పంచకము పుట్టెను. డోలు లేదు, తూర్యము లేదు, అన్నియు తంత్రులే. జాజ్ అనిన బాకాలు, తప్పెటలు అని తలంచుచున్న లోకమునకు ఇది క్రొత్త. రెండు గిటారులు గుఱ్ఱపుడెక్కలవలె లయ నడుపుచుండగా, ఫిడేలు పైన విహరించుచుండగా, నడుమ జాంగో వాద్యము ఒకసారి నవ్వును, ఒకసారి కోపించును. 1934 డిసెంబరులో మొదటి కచేరీయు, అల్ట్రాఫోను కంపెనీకి మొదటి పళ్ళెములును అయినవి.

పిదప అయిదేండ్లు ఆ పంచకమునకు మంచికాలము. అమెరికానుండి కోల్‌మన్ హాకిన్సు, బెన్నీ కార్టరు మొదలైన మహావిద్వాంసులు పారిసునకు వచ్చి జాంగోను ప్రక్కన గూర్చుండబెట్టుకొని పళ్ళెము లిచ్చిరి. 1937 ఏప్రిలులో ఆ యిరువురు నీగ్రో విద్వాంసులతో ఆతడు కలిసి యిచ్చిన పళ్ళెములు నేటికిని జాజ్ ప్రియులకు పారాయణగ్రంథములు. అంతవఱకు ఐరోపావారు అమెరికాను విని నేర్చుకొనుటయే గాని, అమెరికావారు ఐరోపావానిని వినుట లేకుండెను. ఆ మర్యాద జాంగోతో మారెను.

ఆతని నడవడినిగూర్చి దాచిపెట్టుటకు మాకు కారణము లేదు. మాట యిచ్చిన కచేరీకి వచ్చునో రాడో యెవరికిని తెలియదు. వేలకొలది ఫ్రాంకులు ఒకరాత్రి జూదమున పోగొట్టును. మిక్కిలి వెలగల మోటారుకారు కొని, నగరమున మంచి హోటలున గది తీసికొని, వారమునకే విసిగి బంధువుల బండ్లవద్దకు పోయి నేలమీద పరుండును. గ్రాపెల్లీ లెక్కలు చూచువాడు, వేళకు వచ్చువాడు. ఇరువురకును నిత్యము కలహమే. అయినను జాంగోకు సంతకము పెట్టుట నేర్పినవాడు గ్రాపెల్లీయే. ఇరువదియైదేండ్లు దాటిన పిమ్మట ఆ మనుష్యుడు తన పేరు తాను వ్రాసికొనగలిగెను. బండ్లలో పుట్టి పెరిగినవానికి, రేపటికై దాచుకొను మర్యాద ఎవరు నేర్పియుండిరి? దాచుకొన్నదానిని ఎప్పుడెవరు కాజేయుదురో తెలియని జాతికి నేటి విందే నమ్మదగినది.

1939 సెప్టెంబరులో యుద్ధము ప్రకటింపబడుసరికి పంచకము ఆంగ్లదేశమున పర్యటించుచుండెను. గ్రాపెల్లీ లండనులో ఆగిపోయెను. జాంగో పారిసునకు తిరిగివచ్చెను. ఏల వచ్చెనో ఎవరికిని సరిగా బోధపడదు. తన బండ్లు, తనవారు ఉన్నచోటికి పోవుటయే ఆతనికి తెలిసిన దారి కాబోలు. అప్పటినుండి ఆతని చరిత్రలో మిక్కిలి చిక్కైన ఘట్టము.

1940 ఏప్రిలు 6వ తేదీని, అనగా జర్మనులు రాకమునుపే, ఫ్రెంచి ప్రభుత్వము సంచారజనులు కదలగూడదని ఆజ్ఞ గావించెను. జర్మనులు వచ్చిన పిమ్మట వారిని నిర్బంధశిబిరములలో మూసిరి. కాపలావారు ఫ్రెంచివారే. మోంత్రెయ్-బెల్లే శిబిరము వీనిలో పెద్దది. తూర్పుదేశములలో జరిగినది ఇంతకంటె ఘోరము. హిట్లరు ప్రభుత్వము ఈ జాతిని యూదులతోపాటు నిర్మూలింపబూనెను. చంపబడినవారు రెండులక్షలకు తక్కువ గారనియు, అయిదులక్షలవఱకు నుండవచ్చుననియు చరిత్రకారుల లెక్క. 1944 ఆగస్టు 2వ తేదీ రాత్రి ఆష్‌విట్జ్‌లోని వారి శిబిరమున మిగిలియున్న వేలమందిని, వృద్ధులు, స్త్రీలు, శిశువు లనక, విషవాయుశాలలకు పంపిరి.

ఆ సంవత్సరములలోనే పారిసులో జాంగో కీర్తి శిఖర మెక్కెను. గోడలమీద ఆతని బొమ్మలు, నాట్యశాలలు క్రిక్కిఱిసియుండెను. ఫిడేలు పోయినచోట యూబేర్ రోస్తెన్ క్లారినెట్టును జేర్చుకొని, డోలువాని గూర్చుకొని, ఆతడు క్రొత్తబృందము నడపెను. 1940లో మేఘములు అను నర్థముగల న్యువాజ్ అను తన రచనను పళ్ళెమున కిచ్చెను. అందు మాటలు లేవు. ఓడిన దేశమున, కఱవులో, చలిలో, పరులసైనికులు తిరుగు వీథులలో, ఆ మందగమనపు రాగము ఇంటింట మ్రోగినది. ఫ్రెంచివారు తమ జాతీయగీతమును బాహాటముగా పాడుటకు వీలులేని దినములలో ఇది వారికొక మూగగీతమైనదని యందురు. నాజీల సిద్ధాంతమున జాజ్ నీగ్రోలకును యూదులకును చెందిన నీచసంగీతము. అయినను ఆ శాలలలో జర్మను సేనాధికారులే ముందువరుసల కూర్చుండి వినుచుండిరి. వైమానికదళాధికారి షుల్జ్-కోన్ అనువాడు జాజ్ భక్తుడని ప్రసిద్ధుడు. అమెరికా పాటలకు ఫ్రెంచిపేర్లు తగిలించి అధికారుల కన్నుగప్పుచుండిరి.

తనవారు శిబిరములలో మ్రగ్గుచుండగా శత్రువునకు వినోదము కూర్చి ధనమార్జించెనని జాంగోను నిందించువారు గలరు. ఈ నిందను మేము తేలికగా త్రోసివేయము. పరప్రభుత్వము నడచుకాలమున కళాకారుడు ఎవరియెదుట పాడవలయును, ఎవరియెదుట పాడగూడదు అను ప్రశ్న మన దేశముననుకూడ పలుమారు పుట్టినదే. దర్బారులలో బిరుదులందుకొన్నవారిని మనము మఱవలేదు. అయితే తీర్పు చెప్పుటకు ముందు రెండు సంగతులు త్రాసున వేయవలయును. ఆతడు బిరుదుకొఱకు వాయించినవాడు గాడు. వాయించుట మానినచో ఆతడు కేవలము సంచారజాతివాడు. అట్టివాని స్థానమేదో ఆజ్ఞాపత్రములలో స్పష్టముగా నుండెను. ప్రఖ్యాతియే ఆతని కవచము. ఆ కవచము నెంతకాలము నమ్మవచ్చునో ఆతనికే నమ్మకము లేకుండెను. జర్మనీకి వచ్చి వాయింపుమని ఒత్తిడి పెరుగగా, 1943లో గర్భవతియైన నగీనాతో స్విట్జర్లాండు సరిహద్దునకు పోయెను. ఆ యేడే వారిరువురును వివాహము చేసికొనియుండిరి. మొదటిసారి జర్మనుకాపలావారికి దొరకెను. అచ్చటి యధికారి ఆతని సంగీతము నెఱిగినవాడగుటచే వదలిపెట్టెను. రెండవసారి ప్రయత్నింపగా స్విట్జర్లాండువారే వెనుకకు త్రిప్పిపంపిరి. తటస్థదేశమను కీర్తిగల ఆ రాజ్యమువారికి అభయమర్థించు మనూషుడు తటస్థుడుగా కనబడలేదు. ఆతడు పారిసునకు మరలి మఱల వాయించెను. ఆతనిని వీరుడని మేము పొగడము. ద్రోహియని పిలుచుటకు మాత్రము మాకు నోరాడదు.

మఱియొక సంగతి. తమ జాతివారికి ప్రార్థనాసంగీత మొకటి కావలెనని ఆతనికి చిరకాలపుకోరిక. ఏటేట వారు దక్షిణ సముద్రతీరమున సేంత్-మరీ క్షేత్రమునకు యాత్ర పోవుదురు. నల్లనిదైన సారా యను దేవతామూర్తిని సముద్రస్నానమునకు గొనిపోవుదురు. ఆ యాత్రలో పాడుటకు ఆతడొక దేవాలయసంగీతమును కల్పింపదొరకొనెను. స్వరము వ్రాయుట రాదు గనుక, తాను గిటారుపై వినిపింపగా ఇతరులు వ్రాసికొనవలయును. 1944లో పారిసున అంధబాలుర విద్యాలయపు ప్రార్థనామందిరమున దానిలో కొంతభాగము ఆర్గనుమీద వినిపింపబడెను. పూర్తికాలేదు. అపారకీర్తి గడించిన ఆ సంవత్సరములలో ఆతని మనస్సు ఎవరివైపు తిరిగియుండెనో దీనివలన ఊహింపవచ్చును.

1944 ఆగస్టులో పారిసు విముక్తమయ్యెను. 1946 ఆరంభమున ఆతడు లండనునకు బోయి ఆఱేండ్లకు గ్రాపెల్లీని కలిసికొనెను. ఇరువురును పలుకరింపులు ముగియకమునుపే వాద్యములు తీసికొని ఫ్రాన్సు జాతీయగీతమునే తమ ధోరణిలో వాయించిరనియు, పిమ్మట దానిని పళ్ళెమున కిచ్చిరనియు చెప్పుదురు. ఆ పళ్ళెము నేటికిని కలదు. ఒకడు ఇటలీవాని కొడుకు. రెండవవాడు ఏ దేశమువాడో ఏ ప్రభుత్వమును నిశ్చయింప నిచ్చగింపని వాడు. విముక్తఫ్రాన్సు గీతము వారి వ్రేళ్ళనుండి వెలువడెను. అదే వేళకు ఫ్రాన్సులోని నిర్బంధశిబిరములు ఇంకను పూర్తిగా ఖాళీకాలేదు. కడపటివారు 1946 వేసవిలో గాని విడుదల కాలేదు. దేశము విముక్తి చెందిన పిమ్మటను ఇంచుమించు రెండేండ్లు.

ఆ శరత్తున అమెరికానుండి పిలుపు వచ్చెను. పిలిచినవాడు డ్యూక్ ఎల్లింగ్టను. ఆ సంగీతమున చక్రవర్తి. జాంగో గిటారుకూడ చేతబట్టుకొనక బయలుదేరెను. అమెరికా కంపెనీలు పోటీపడి వాద్యములు కానుక లిచ్చునని ఆతని నమ్మకము. ఎవ్వరు నీయలేదు. అలవాటులేని విద్యుత్తు గిటారు నొకటి సంపాదించి ఇచ్చిరి. నవంబరు 23, 24 తేదీలలో న్యూయార్కు కార్నెగీ హాలున కచేరీలు. మొదటిరాత్రి జయజయధ్వానములు. రెండవరాత్రి జాంగో కానరాడు. నగరమున ఎవరితోనో కబుర్లలో పడి, కచేరీ ముగియవచ్చు వేళకు చేరెను. పత్రికలు చులకన చేసినవి. ఆతడు కలలుగన్న అమెరికా ఆతనిని తన యేర్పాటులలో నొక చిన్న యంశముగా మాత్రమే చూచెను. 1947 ఫిబ్రవరిలో తిరిగివచ్చెను.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. బీబాప్ అను కఠినమైన నూతనపద్ధతి అమెరికాలో తలయెత్తెను. ఫ్రెంచియువకులు దానివెంటబడి జాంగోను పాతకాలపువానిగా నెంచసాగిరి. నలువది నిండకమునుపే ఆతడు వృద్ధుడైనట్లాయెను. కొంతకాలము వాద్యమును గోడకు దగిలించి బొమ్మలు గీయుచు, బిలియర్డు లాడుచుండెను. 1949లో గ్రాపెల్లీతో రోమునగరమున చాల పళ్ళెము లిచ్చెను. ఆ స్నేహమునకు అది కడపటి పంట. 1951లో సేన్‌నదీతీరమున సామొవా గ్రామమున ఇల్లు తీసికొని చేపలు పట్టుచు కాలము గడపెను. జనులు ఆతని కథ ముగిసినదని యనుకొనిరి. ఆతడు మాత్రము వినుచునే యుండెను. పారిసులో కుఱ్ఱవాద్యకారులతో కలిసి విద్యుత్తు గిటారుతో మఱల వాయింప మొదలిడగా, ఆ యువకులకే అందని క్రొత్తపోకడలు వెలువడినవి. 1953 ఏప్రిలు 8వ తేదీని ఇచ్చిన పళ్ళెములు అందులకు సాక్ష్యము. మా యభిప్రాయమున 1937 నాటి జాంగోకంటె ఆనాటి జాంగో గాఢతరుడు. తొందర తగ్గినది, ఒక స్వరమునకును మఱియొక స్వరమునకును నడుమ మౌన మెక్కువైనది.

కొన్నాళ్ళుగా తలనొప్పులు బాధించుచుండెను. 1928 తరువాత ఆతనికి ఆస్పత్రులన్నను వైద్యులన్నను భయము, చూపించుకొనలేదు. 1953 మే 16వ తేదీని ఆవోన్ స్టేషనులో రైలు దిగి ఇల్లు చేరుచు కూలిపోయెను. మెదడున రక్తనాళము చిట్లినది. ఫోంతెన్‌బ్లో ఆస్పత్రిలో ప్రాణము విడిచెను. నలువదిమూడేండ్లు. సామొవా గ్రామపు శ్మశానమున సమాధి చేసిరి.

మరుసటియేడు అమెరికాలో జాన్ లూయిసు ఆతని పేరిటనే యొక శోకగీతమును రచించెను; అది నేటికిని వాయింపబడుచున్నది. ఆంగ్లదేశమున కర్మాగారయంత్రమున వ్రేళ్ళకొనలు పోగొట్టుకొని నిరాశ చెందిన టోనీ అయోమీ యను యువకుడు జాంగో పళ్ళెము విని మఱల గిటారు పట్టి, ఒక క్రొత్త సంగీతశాఖకే మూలపురుషు డయ్యెను. ఆతని రెండవకుమారుడు బాబిక్ తండ్రిమార్గమున నడచి 2001లో మరణించెను. 1964లో నగీనా భర్త వాద్యములలో నొకదానిని పారిసు ప్రదర్శనశాల కొసగెను. 1971లో లండనుచెంత సమావేశమైన రోమాజాతి ప్రతినిధులు తమకొక పతాకము నేర్పఱచుకొనిరి: నీలము, ఆకుపచ్చ, నడుమ ఎఱ్ఱని చక్రము. ఆ చక్రమును చూచిన భారతీయు డెవడును రెండవమాఱు చూడక యుండలేడు.

మోంత్రెయ్-బెల్లే శిబిరభూమియందు నిలిచి ఫ్రెంచి దేశాధ్యక్షుడు తమ రాజ్యపు బాధ్యత నంగీకరించినది 2016లో. 1912 నాటి కొలతల పుస్తకము 1969లో పేరుమార్చుకొని మఱియొక పుస్తకమై, ఆ సంచారజనుల జేబులలోనే యుండెను. దాని శేషమును శాసనముచే తుడిచివేసినది 2017 జనవరిలో. జాంగో మరణించి అప్పటికి 63 సంవత్సరములు దాటినవి.